స్టూడియోకి వెళ్లని ఫొటో

సాలూరు లారీ బుకింగు ఆఫీసులో జీవితమంతా గడిపి, విశ్రాంత దశలో ఇంటి కంప్యూటరుకు పరమభక్తుడైపోయిన మా మేనమామ సింహాద్రి మావ దివంగతుడయ్యాడన్న వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. మొన్న ఆదివారమే ఫోనులో నన్ను కడుపుబ్బ నవ్వించిన మనిషి! నమ్మడానికి మనసొప్పలేదు.

ఒకసారి కొత్త ప్రింటరు కొన్నాడు. కాగితం కదలదు. మావ ఇంటిల్లిపాదినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. అది బాగయ్యేదాకా ఎవరికీ టీ లేదు. వైర్లన్నీ పీకేసి, లోపల దాగిన పరికరాల పేర్లు చూపించమని కంప్యూటరును అడిగాడు. ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేసిన ప్రింటరు, విరిగిపోయిన కెమెరా మసకమసకగా బయటపడ్డాయి. వాటిని నడిపే ప్రోగ్రాములు, అదే డ్రైవర్లు, ఇంకా తిష్ఠవేసి కొత్తదానితో తగువాడుతున్నాయట.

“సూడవే గౌరీ, లోడు దింపీసిన లారీ గేటుకడ్డంగా ఉండిపోతే కొత్త బండి ఎలగొస్తాది? పోయినోళ్ల పేర్లు ముందు తీసీయాల,” అన్నాడు నాతో. ఒక్కొక్కటీ తీసేసి, యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసి, ప్రింటరు వైరు ఒక్కటే గుచ్చాడు. కాగితం బయటికొచ్చింది. అత్త టీ పెట్టడానికి లేచింది.

చర్చిలో పాటలు నేర్పే శాంతమ్మ టీచరు ఇంట్లో మైకు పెడితే కెమెరా పనిచేసేది కాదు. మావ వెళ్లి అదే వైద్యం చేశాడు. ఆవిడ ప్రార్థనలో తన పేరు చేర్చిందని తెలిసి ఈ కూర్మనాథస్వామి భక్తుడు మురిసిపోయాడు. ఇక రెండు చోట్లా తన పేరు నడుస్తోందని ఊరంతా చెప్పుకున్నాడు.

ఇంతటి ధీరుడికి స్టూడియో అంటే మాత్రం భయం. అక్కడ పోయినవాళ్ల ముఖం తెల్లగా చేసి, ఎన్నడూ ఎరగని కోటు తొడిగి ఇస్తారు. “నన్నలాగ సేసీకండే. శ్రీకూర్మంలో నవ్వతన్న ఫొటో ఉన్నాది. మనింటి ప్రింటర్లోనే తీయండి,” అని నాచేత మాట తీసుకున్నాడు.

పెద్దకర్మనాడు పొద్దున్నే ప్రింటరు మొరాయించింది. పరామర్శకు వచ్చిన చుట్టాలు మావ ఫొటోల కోసం కంప్యూటరుకు తలో ఫోనూ, తలో పెన్‌డ్రైవూ గుచ్చి వెళ్లారు మరి! మావ కొడుకు, మా బావ, ఇక స్టూడియోకే పంపేద్దామన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి, టీ లేదన్నాను. వైర్లు పీకి, మసక పేర్లన్నీ వరసగా తీసేశాను. చివరికి ఒక్కటి మిగిలింది. ‘సింహాద్రి ఫోన్’. మౌసు వదిలేశాను.

వెనకాలే నిలబడ్డ అత్త చూసింది.

“అదుండనీయే. మీ మావ ఎవులికి అడ్డొచ్చినాడు?”

ప్రింటరు వైరు గుచ్చాను. నలుపు నలుపుగానే, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ మావ బయటికొచ్చాడు. కళ్లు తుడుచుకుంటూనే అందరం పగలబడి నవ్వాం. అటువంటి ఆనందమూర్తి మాకు మళ్లీ దొరకడు. ఆ పుణ్యాత్ముడికి నా అశ్రునివాళి.

ఆ పేరు ఇప్పటికీ అక్కడే ఉంది. ప్రింటరు చక్కగా పనిచేస్తోంది.