డిశ్చార్జికి మూడో అర్థం

ముత్తియాల్‌పేటలో జాకెట్లు కుట్టే సౌభాగ్యానికి ఇంగ్లీషు రాదు. కానీ డిశ్చార్జి అనే మాట తెలుసు. కూతురు అభినయ పుట్టినప్పుడు డిశ్చార్జి అంటే బిడ్డనెత్తుకుని ఇంటికి రావడం. తర్వాత మిల్లు నుంచి భర్త దొరైస్వామికి వచ్చిన కాగితంలోనూ అదే మాట ఉంది. "పనిలోనించి తీసేసినారు" అని అతనే అర్థం చెప్పాడు.

కిందటేడు దొరైస్వామి లివర్ జబ్బుతో ఆసుపత్రిలో చేరాడు. ఇరవై రెండో రోజు పొద్దున డాక్టరు మంచం దగ్గర నిలబడి నర్సుతో ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు. సౌభాగ్యానికి ఒక్క మాటే అర్థమైంది. ఆయన వెళ్లగానే బట్టలు మడిచి సంచిలో సర్దింది. మిగిలిన హార్లిక్స్ పక్క మంచం రోగి భార్య చిన్నపొన్నుకు ఇచ్చేసింది. అభినయకు ఫోన్ చేసి, "నాయన్ని డిశ్చార్జి చేస్తా ఉండారు. వైతికుప్పం చేపల రేవులో మంచి చేప దొరికితే కొని ఇంట్లో పెట్టి రా" అంది.

మధ్యాహ్నం అభినయ వచ్చి ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం చదివింది.

"ఏంది రాసుండాది? మందులు ఎన్నాళ్లు వాడాల?"

"నొప్పికి మాత్రమే రాసినారమ్మా."

"నయమైతేనే కదా పంపించేది?"

"నయమైనా పంపిస్తారు. ఇంక చేసేదేమీ లేకపోయినా పంపిస్తారు. రెండిటికీ అదే మాట."

సౌభాగ్యం భర్త వైపు తిరిగింది. అతను కళ్లు తెరిచే ఉన్నాడు.

"పొద్దున డాక్టరు చెప్పింది నాకు అర్థమైందిలే. నువ్వు సంతోషంగా బట్టలు మడస్తా ఉంటే చెప్పబుద్ధి కాలేదు" అన్నాడు.

సౌభాగ్యం సంచి భుజానికి తగిలించుకుని ఆటో కోసం కిందికి దిగింది.

వీధిలో ఆటో ఆగగానే ఎదురింటి తిలగం వచ్చింది. "అన్నకు డిశ్చార్జి అయిపోయిందా? మంచిది వదినా" అంది. సౌభాగ్యం అవునంది. ఆ సాయంత్రం చూడడానికి వచ్చిన వాళ్లందరికీ అదే జవాబు చెప్పింది. చేప పులుసు వండింది. అతను రెండు చెంచాలు మింగి, చాలని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇంటికొచ్చిన పదహారో రోజు మధ్యాహ్నం దొరైస్వామి చనిపోయాడు. కూతురు మంచినీళ్లు తేవడానికి లేచింది. తిరిగొచ్చేసరికి అయిపోయింది.

రెండు నెలల తర్వాత సౌభాగ్యం మళ్లీ మిషను ముందు కూర్చుంది. కుట్లు వంకరపోతున్నాయని వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. అభినయ కాలేజీ వదిలి బట్టల కొట్టులో చేరింది. రోజంతా నిలబడి ఇంటికొస్తుంది. తల్లి అన్నం పెడుతుంది. తిన్నావా అని ఒకరినొకరు అడుగుతారు, అంతకుమించి వాళ్ల మధ్య మాటల్లేవు.