ఎర్ర ఉంగరం రాని రోజు

సోమవారం పొద్దున మా భద్రాచలం ల్యాబ్ సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సారు పోయిన్రమ్మా. గుండె ఆగిపోయింది," అన్నారు. నీళ్ల పరీక్ష నాకు నేర్పింది ఆయనే.

మందు సీసాలంటే భయపడే నన్ను పక్కన నిలబెట్టుకుని, పప్పుచారు కాచినంత తీరుబడిగా చెప్పేవారు. మన పేగుల్లో ఉండే ఒక రకం బాక్టీరియాలో ఒక ఎంజైమ్ ఉంటుంది. నీళ్లు కలిపి రాత్రంతా వెచ్చగా ఉంచిన గొట్టంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని అది విరగ్గొడుతుంది. అందులోంచి పుట్టిన పదార్థం మీద మందు చుక్కలు పడితే పరీక్ష గొట్టంలో పైన ఎర్రటి ఉంగరం కడుతుంది. "ఉంగరం వచ్చిందని సంబరపడకు. ఆ నీళ్లల్ల మలం కలిసినట్టే," అనేవారు. గొట్టాలు కడగడంలో మాత్రం అత్తగారి చాదస్తం. నేను కడిగినవన్నీ మళ్లీ కడిగేవారు.

పినపాక అవతల అడవి అంచున ఒక గూడెం. అందరూ వాగు నీళ్లే తాగుతారు. వరసగా మూడుసార్లు ఉంగరం వస్తే బోరు వేయిస్తామన్నారు పైవాళ్లు. రెండుసార్లు వచ్చింది. మూడోసారి సార్ మోకాలు వాచి వాగులోకి దిగలేక, నీళ్లు పట్టే బుడ్డిని ఒక అవ్వ చేతికిచ్చారు. ఆమె నింపి తెచ్చింది. ఉంగరం రాలేదు. బోరు ఇంకో ఊరికి పోయింది.

తర్వాత సార్ వెళ్తే అవ్వే చెప్పింది. "నువ్వే అంటివి గద సారూ, కాచి సల్లార్చి తాగాలెనని. నీకిచ్చే నీళ్లు పచ్చియి ఎట్లిస్త? కాచినయే పోసిన."

కాచిన నీళ్లలో బాక్టీరియా ఏం బతుకుతుంది? సార్ అక్కడే మట్టిలో కూలబడ్డారు. "తప్పు నీది కాదవ్వా, నాది. నేను దిగాలె," అన్నారు.

ఆ వానాకాలమే అవ్వ మనవరాలు విరేచనాలతో పోయింది. సార్ కుంటుకుంటూ వాగులోకి దిగి నీళ్లు తెచ్చారు. ఉంగరం వచ్చింది. బోర్ల జాబితా మూసేశామన్నారు పైవాళ్లు. రిటైరయ్యాక కూడా బస్సెక్కి వెళ్లి, నీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. నేను రిపోర్టు రాసి పంపేదాన్ని. ఎవరూ చదవలేదు. "సదవరని రాసుడు మానేస్తమా?" అనేవారు మొదట్లో. పోయిన ఏడు ఆ మాట అనడం కూడా మానేశారు. నాకు అప్పుడే భయమేసింది.

పెద్దకర్మ అయ్యాక గూడేనికి కబురు నేనే మోసుకెళ్లాను. అవ్వ గుడిసెలోకి వెళ్లి, పోయినసారి సార్ మరిచిపోయిన బుడ్డి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని నిండా నీళ్లు.

"సారొస్తడని నింపి పెట్టిన బిడ్డా. ఈపాలి కాచలే. వాగులనే ముంచిన."

ముంచి ఎన్నాళ్లయిందో, అడుగున నాచు పట్టింది. ఒకరోజు దాటిన నీళ్లు పరీక్షకు పనికిరావు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. భద్రాచలం దాకా బస్సులో ఆ బుడ్డిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.