ఖాళీ చట్రంలో మసక

నేను అద్దెకుంటున్న మేడ గది కింది వాటాలో ఆవిడ ఉంటుంది. ఎన్నో ఊళ్ళు తిరిగినవాణ్ణి. పని నుంచి వచ్చే మనిషి అడుగుల చప్పుడు వింటే రోజు ఎలా గడిచిందో తెలిసిపోతుంది. ఈ మధ్య ఆవిడ అడుగులు మరీ బరువెక్కాయి. ఈ సంగతులన్నీ ఆవిడ మెట్ల మీద చతికిలబడి విడతలు విడతలుగా చెప్పినవే.

ఆవిడ పని అద్దాల కార్ఖానాలో. మీట నొక్కితే తేటగా, ఆపితే పాలలా తెల్లగా మారే అద్దాలవి; ఆసుపత్రుల్లో తెరలకు బదులు పెడతారు. అద్దం లోపల రెండు పల్చటి ప్లాస్టిక్ పొరల మధ్య జిగురులాంటి పదార్థం, దాని నిండా కంటికి కనబడని ద్రవ స్ఫటికాల బొట్లు. కరెంటు లేనప్పుడు ఒక్కో బొట్టు ఒక్కో దిక్కు చూస్తూ వెలుతురును చెదరగొడుతుంది. కరెంటు రాగానే అన్నీ ఒకే వైపు తిరిగి దారి ఇస్తాయి. కరెంటు పెడితే మూసుకుంటుందేమో అనుకుని ఆవిడ చేత చివాట్లు తిన్నాను. ఈ ద్రవ స్ఫటికాలను మొదట గమనించినవాడు మొక్కల శాస్త్రవేత్త అని ఎక్కడో చదివాను. కేరట్‌లోంచి తీసిన పదార్థమేదో రెండుసార్లు కరిగిందట! ఈ ముక్క చెబితే ఆవిడ ఆవలించింది.

పందొమ్మిదేళ్ళుగా ఒకే స్టూలు మీద కూచుని ఆవిడ చేసేది చూడటం. అద్దం పలకను చట్రంలో బిగించి, మీట నొక్కి, దాని గుండా ఎదుటి గోడ మీది అక్షరాలను చూడాలి. అంచులు పదునుగా ఉంటే సరే, లేకపోతే చీటీ మీద ‘మసక’ అని రాసి వెనక్కి పంపాలి. అందరూ ‘చూపులమ్మ’ అంటారు. మసకను కొలిచే యంత్రం ఒకటి ఉంది గాని, ఆవిడ ఉండగా దాని మీది గుడ్డ తీసినవాళ్ళు లేరు.

మూడు వారాలుగా ‘మసక’ చీటీలు గుట్టపడ్డాయి. పదార్థం పాళ్ళు కలిపేవాడి మీద పడింది నింద. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నవాడు, ఆవిడను అక్కా అంటాడు. పాళ్ళు మళ్ళీ తూచాడు, పదార్థాన్ని గట్టిపరిచే దీపం మార్చాడు. చీటీలు ఆగలేదు. శనివారంలోగా సరిచెయ్యకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటామన్నాడు సూపర్‌వైజర్.

శుక్రవారం మధ్యాహ్నం అతను చట్రం మోసుకొచ్చి ఆవిడ ముందు నిలబెట్టాడు.

“ఏంటి తమ్ముడూ, మొహం అలా పెట్టావ్?”

“పెట్టక? నీ రాతలకి నా జుట్టంతా రాలిపోతోంది.”

“ఇక్కడికొచ్చిన రోజే నీకు జుట్టు లేదు గాని, మీట నొక్కు.”

నొక్కాడు. ఆవిడ రెండు కళ్ళు చికిలించి చూసింది. ప్రతి అక్షరం చుట్టూ పొగ.

“మసకే.”

“బాగా చూడు.”

“చూశాను. నిన్నటికంటే ఎక్కువే. ఏం కలుపుతున్నావురా అసలు?”

అతను చట్రం అవతల నిలబడి చెయ్యి చాచాడు. వేళ్ళు ఇవతలికి వచ్చి ఆవిడ భుజాన్ని తాకాయి.

“దీంట్లో అద్దం లేదక్కా.”

బల్బు పాతదనీ, నిద్ర చాలడం లేదనీ నెలల తరబడి తనకు తాను చెప్పుకున్నవన్నీ ఆ ఖాళీ చట్రంలోంచి జారిపోయాయి.

“ఎప్పుడు అనుమానం వచ్చింది?”

“మొన్న గేటు దగ్గర ఎదురొస్తే నన్ను గుర్తుపట్టలేదు నువ్వు.”

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు. రేపు సూపర్‌వైజర్ నన్ను పిలిస్తే మాత్రం చెప్పక తప్పదు. ఇద్దరు పిల్లలక్కా నాకు. నువ్వే ముందు చెప్తే నా నోటితో అనే పని తప్పుతుంది.”

“ఆ స్టూలు మీంచి లేస్తే అక్కడ నన్నెవరూ చూపులమ్మా అని పిలవరండీ,” అంది ఆవిడ నాతో, మోకాళ్ళు నొక్కుకుంటూ. “అయినా వాడి పిల్లలు నా కళ్ళముందే పుట్టారు.”

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది.

“మూడు వారాల చీటీలు తప్పండీ. లోపం నా కళ్ళది. ఆ పలకలన్నీ మళ్ళీ చూడాలి.”

“ఎవరు చూస్తారమ్మా ఇప్పుడు?”

“కళ్ళున్నవాళ్ళెవరైనా.”

మళ్ళీ చూస్తే అరవై రెండు పలకల్లో యాభై ఎనిమిది బాగానే ఉన్నాయి. నాలుగు మాత్రం నిజంగానే మసక. ఆ నాలుగింటి సంగతి తెలిశాక ఆవిడకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. కలిపేవాడి పని నిలిచింది. ఆవిణ్ణి ప్యాకింగ్‌కు పంపారు. రెండు కళ్ళలోనూ శుక్లాలని డాక్టరు తేల్చాడు. ఆపరేషన్ రెండు నెలల తర్వాత. అప్పటిదాకా రోజంతా నిలబడి పలకల అంచులు తడిమి చూసి స్పాంజి చుడుతుంది.

“కళ్ళు బాగుపడితే మళ్ళీ చూపుల పనికేనా?” అని నిన్న అడిగాను.

“చూద్దాం అన్నారు. అంటే ఏంటో మీకు తెలుసుగా.” మెట్ల మీద కాళ్ళు చాపుకుంది. “నా స్టూలు మీద కొత్తమ్మాయి కూచుంది. పొద్దున తమ్ముడి పలక ఒకటి వెనక్కి పంపింది. వాడొచ్చి నా దగ్గర ఒకటే గోల, ఆ పిల్లకేం తెలుసని.”

“మీరేమన్నారు?”

“సరిగ్గానే రాసుంటుంది, పోయి మళ్ళీ కలుపుకోరా అన్నాను.”