ముందు బల్ల, చుక్కల తెర

చిలకలగూడ నుంచి బొల్లారం దాకా ఏ చర్చిలోనైనా అడగండి: పాటల పుస్తకం తెరవకుండా ఆరాధన మొత్తం పాడే మనిషిని నేనొక్కడినే. అందుకే మా చర్చిలో ముందు బల్ల మీద మొదటి చోటు నాది. నేను ఎత్తుకుంటేనే వెనకవాళ్లు అందుకుంటారు.

ఈమధ్య పాత ప్రొజెక్టరు తీసేసి గోడంత ఎల్‌ఈడీ తెర పెట్టారు. కొనుగోలు చూసుకున్నది మా బామ్మర్ది. మొదటి ఆదివారమే నాకు అనుమానం తగిలింది. పాట వెలిగింది గానీ అక్షరాలు లేవు. గీతలు కలపని ముగ్గులా అన్నీ విడివిడి చుక్కలు. ఒత్తు ఎక్కడ ముగిసిందో, కొమ్ము ఎక్కడ మొదలైందో తెలియలేదు. రెండో చరణమంతా దగ్గుతూ గడిపాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నాకు నోటికి వచ్చేది పల్లవి, మొదటి చరణం. మిగతాదంతా పాత తెర మీద ఓరకంట చూసి లాగించిందే. ఈ తెర ఇలాగే ఉంటే నా గుట్టూ పోతుంది, దాని వెంటే నా చోటూ పోతుంది.

ఆరాధన అయ్యాక బామ్మర్దిని పట్టుకున్నాను.

“ఇది రోడ్డు మీద చీరల ప్రకటనలకు పెట్టే తెర గదా? ఎవడు అంటగట్టిండు నీకు?”

“ఏంది బావా, గిట్లంటవ్! హాలు పొడుగు చూసే తీసుకున్నం. చుక్కకు చుక్కకు జెర ఎడం ఉంటది. దూరంకెళ్లి చూస్తే కలిసిపోతయ్.”

“దగ్గర కనిపించంది దూరంకెళ్లి కనిపిస్తదా? ఎవరికి చెప్తున్నవ్?”

“అయినా పాటలన్నీ నోటికొచ్చినోనివి, తెరతోని నీకేం పని?”

ఆ మాట విననట్టే వాడి మోసం బయటపెడదామని తలుపు వైపు నడిచాను. సగం బల్లలు దాటి వెనక్కి చూసేసరికి చుక్కలు అతుక్కోవడం మొదలైంది. తలుపు దగ్గర నిలబడితే ఒత్తులతో సహా అచ్చు వేసినట్టుంది. వీడేదో మీట నొక్కాడని మళ్లీ ముందుకు వచ్చాను. మళ్లీ చుక్కలే.

తరువాతి ఆదివారం నా చోటును ఒక ముసలాయనకు త్యాగం చేసి వెనక బల్లకు మారాను.

ఇంతవరకు చదివి మా ఆవిడ కాగితం పక్కన పడేసింది.

“త్యాగమేంది? మూడో చరణం కాడ నువ్వు మొదటిదే మల్ల ఎత్తుకుంటే చర్చంతా ఆగిపోయింది. రెక్క పట్టి వెనక్కి గుంజుకొచ్చింది నేను. గా చోట్ల కూసున్నాయన నీకన్నా చిన్నోడు. పుస్తకం సుత తెచ్చుకుంటడు.”