బావగారి నల్ల కారు, నా తువ్వాలు

మొన్నామధ్య మా ఎదురింటాయన కొత్త కారు కొన్నారు. కొన్న మర్నాడు పొద్దున్నే దాన్ని గుమ్మం ముందు నిలబెట్టి, భుజం మీది తువ్వాలు తీసి, దుమ్ము పట్టిన బానెట్‌ని పొడిగా, గుండ్రంగా, ఎంతో ప్రేమగా తుడవడం మొదలుపెట్టారు. కాఫీ తాగుతున్న నేను గ్లాసు అక్కడే పెట్టేసి, "ఆగండి మహానుభావా, ఆగండి!" అని అరుస్తూ రోడ్డు దాటి పరిగెత్తాను. ఏ పామో కనబడిందనుకుని ఆయన రెండడుగులు వెనక్కి గెంతారు. పాము కాదండీ, ఆ తువ్వాలు అని చెప్పాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చూడనివ్వండి. ఎర్రమట్టి దుమ్ము మీద తువ్వాలు ఏం చేస్తుందో నాకు తెలిసినంతగా నూజివీడులో ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివి నాకు ఊరికే రాలేదు. మా బావగారి కారుని పాడుచేసి సంపాదించుకున్నాను.

బావగారంటే మా అక్క భర్త. జి. కొండూరు వైపు బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నాకు సైకిలు, లెక్కలు, స్కూటరు మూడూ నేర్పింది ఆయనే. డిగ్రీ తప్పి, నాన్నకి మొహం చూపించలేక తోటలోనే తింటూ తోటలోనే పడుకుంటున్న నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఒక్క మాట అనకుండా పుస్తకాలు చేతిలో పెట్టి మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టిందీ ఆయనే. ఉద్యోగమంతా ఒకే స్కూటరు మీద గడిపిన మనిషి రిటైరయ్యాక సరదాపడి కారు కొన్నారు. తెలుపు కొనమని అక్క ఎంత పోరినా వినకుండా, హుందాగా ఉంటుందని నలుపు కొన్నారు. హుందా సంగతి దేవుడెరుగు, నల్ల కారు మీద ఈగ వాలి లేచినా జాడ తెలుస్తుందని అప్పటికి మాకెవ్వరికీ తెలియదు. నెల తిరక్కుండానే సొంత ఇంటి గేటు స్తంభాన్ని రెండుసార్లు గుద్దారు. తప్పు స్తంభానిదేనని వాదించారు కూడా. అక్కకి అనుమానమొచ్చి ఆసుపత్రికి లాక్కెళితే, రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎన్నాళ్ళ నుంచో కనబడకపోయినా పైకి చెప్పకుండా నెట్టుకొస్తున్నారన్నమాట.

ఒక కన్ను తరవాత ఒక కన్ను ఆపరేషన్ చేస్తామన్నారు. నెల పైగా విజయవాడలో కూతురింట్లో ఉండాలి. కారుని రెడ్డిగూడెం రోడ్డులో ఉన్న మా తోటింట్లో పెట్టి, తాళం నా చేతికిస్తూ ఆయన ఒక మాటన్నారు. "ఒరేయ్, కొన్న దగ్గర్నుంచీ దీన్ని మసక మసగ్గానే చూశాన్రా. కళ్ళొచ్చాక తీరిగ్గా చూసుకోవాలి. నువ్వు తప్ప ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు." ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ పొంగులోనే మొదటి తెలివితక్కువ పని చేశాను. నీడగా ఉంటుంది కదా అని కారుని పూత మీదున్న మామిడిచెట్టు కింద పెట్టాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మామిడితోటలో ఉన్నవాణ్ణి. పూత కాలంలో తేనెమంచు పురుగు చెట్టుకి పడుతుందనీ, చెట్టు కింద ఏది ఉన్నా దాని మీద బంక కారుతుందనీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెల్లారేసరికి కారంతా బెల్లప్పాకం పోసినట్టుంది. దాని మీద రోడ్డు దుమ్ము.

రెండో తెలివితక్కువ పని తువ్వాలు. పొద్దున్నే తోటంతా తిరిగి, చెమటా దుమ్మూ పట్టిన నా భుజం మీది తువ్వాలుతోనే కారుని రుద్దేవాణ్ణి. మా అమ్మ ఇత్తడి బిందెల్ని చింతపండు పెట్టి గుండ్రంగా తోమడం చూస్తూ పెరిగాను కనక, మెరవాలంటే గుండ్రంగా తోమాలనే నా చెయ్యి నేర్చుకుంది. ఎంత గట్టిగా తోమితే అంత ప్రేమ అని కూడా. రోజుకో గంట. మా ఆవిడ చూసి, "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూళ్ళేదు మీరు" అంది. మూడు వారాలు అలా గడిచాక, ఒకరోజు బ్యాటరీ దిగిపోతుందేమోనని కారు తీసి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాను. దిగి బానెట్ వైపు చూద్దును కదా, సూర్యుడి ప్రతిబింబం పడిన చోటల్లా చుట్టూ సన్నటి గుండ్రటి గీతలు, సాలెగూడు అల్లినట్టు! తలుపుల మీదా అవే, డిక్కీ మీదా అవే. నేను ఎటు జరిగితే ఆ గూడు అటు జరుగుతోంది.

సరిగ్గా ఆ సాయంత్రమే బావగారు ఫోన్ చేశారు. మొదటి కన్ను వచ్చేసిందట, గోడ మీది క్యాలెండర్లో తిథులు కూడా చదువుతున్నారట. చిన్నపిల్లాడిలా చెప్పుకుంటూ పోతున్నారు. చివర్న, "బండెలా ఉందిరా?" అన్నారు. అద్దంలా ఉంది బావగారూ అన్నాను. ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం కాదు గానీ, ఇంత సిగ్గేసింది మాత్రం అదొక్కటే. ఆయన తిట్టే మనిషైతే ఇంత బాధ ఉండేది కాదు. తిట్టరు. చూసి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని భరించడం నా వల్ల కాదు. ఆయన రావడానికి పన్నెండు రోజులుంది.

మర్నాడు బస్టాండు దగ్గర కార్ల సామాన్లు అమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన గోటిని గీతల మీద అడ్డంగా పోనిచ్చి, "గోరు ఆగట్లేదండి, పైపైవే. భయపడకండి" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. "రంగు మీద గాజులాంటి పల్చటి పొర ఉంటదండి. గీతలు దాన్లోనే ఉన్నాయి. పాలిష్ పెట్టడమంటే ఆ పొరని కూసింత అరగదీయడమే. ఎక్కువ అరగదీశారో, ఇక అంతే. మెషీన్ జోలికెళ్ళకండి, చేత్తో మెల్లిగా చేసుకోండి" అని, సన్నరకం పాలిష్ డబ్బా, స్పాంజీ, మెత్తటి గుడ్డలు ఇచ్చాడు. ఇంటికొచ్చి మెల్లిగానే మొదలుపెట్టాను. కానీ నా చేతికి మెల్లిగా అంటే ఏంటో తెలిస్తే కదా! డిక్కీ మూల జానెడు మేర రుద్దేసరికి, గీతలు పోవడం అటుంచి, పొగ కమ్మినట్టు తెల్లగా అయింది. నేల మీద చతికిలబడ్డాను.

అప్పుడే మా తోటలో పనికొచ్చే అత్త ఎండుపుల్లలు ఏరుకుంటూ అటు వచ్చింది. వరసకి అత్తేం కాదు, నా చిన్నప్పట్నుంచీ అలా పిలవడం అలవాటు. నాకు యాభై దాటినా ఆవిడకి నేనింకా అబ్బాయిగారినే. కాపు దిగినప్పుడు కాయలకంటిన సొన కడిగి, తుడిచి, పెట్టెల్లో పేర్చడంలో ఆవిడ చెయ్యి మా చుట్టుపక్కల పెట్టింది పేరు. కాసేపు నిలబడి చూసి, "ఏంటండి అబ్బాయిగారూ, పీక నొక్కినట్టు నొక్కుతున్నారు? కాయైతే ఈపాటికి రసం కారేది" అంది. నవ్వు రాలేదు. ఉన్న సంగతంతా చెప్పాను. ఎవరి కారో వినగానే పుల్లలు కింద పడేసి, చేతులు కడుక్కునొచ్చింది. "మా పాపకి చదువు చెప్పిన పంతులుగారిదా? ముందే చెప్పరేంటండీ!"

ఆవిడ చెప్పింది రెండే ముక్కలు. కాయకంటిన సొనని పొడిగుడ్డతో రుద్దకూడదు, నీళ్ళతో నాననిచ్చి కడిగాకే గుడ్డ తగలాలి. తుడిచేటప్పుడు గుడ్డ బరువే చాలు, చేతి బరువు పడకూడదు. కాయ మీద సన్నటి పొడిలాంటి పొర ఉంటుంది, అది చెరిగితే కాయ నలిగినట్టు కనబడి బేరగాళ్ళు పక్కన పెట్టేస్తారు. అందుకని గుడ్డని ఎనిమిది మడతలు వేసి, ఒక్క మడతతో ఒక్కసారే తుడిచి తిప్పేస్తుంది. మాసిన మడత రెండోసారి కాయని తాకదు. ముప్పై ఏళ్ళుగా మా పాకలో ఆ పని కళ్ళెదురుగా జరుగుతుంటే నేను పెట్టెలు లెక్కపెట్టుకున్నానే గానీ, ఒక్కనాడు ఆ చేతుల వైపు చూడలేదు. అలా మొదలుపెట్టాం. బంకంతా నానబెట్టి కడిగి, పాకలో నీడన పెట్టి, రెండు జానల మేర చొప్పున నేను స్పాంజీతో పాలిష్ అద్ది తేలిగ్గా తిప్పడం, ఆవిడ మడతలు తిప్పుతూ తుడవడం. నా చెయ్యి బరువెక్కిందంటే చాలు, "కాయండీ, కాయ!" అనేది. పొగ కమ్మిన మూల కూడా తేటబడింది. ప్రతి సాయంత్రం ఒక ముక్క, ప్రతి ముక్కలోంచీ సాలెగూడు కొంచెం కొంచెంగా మాయమవడం. పన్నెండో రోజుకి ఒక్క వెనక తలుపు మిగిలిపోయింది.

బావగారు నల్ల కళ్ళద్దాలతో దిగారు, అక్క వెనకాలే. కారుని నేను కావాలనే నీడలో పెట్టాను. ఆయన వింటేగా, "ఎండలోకి తియ్యరా" అన్నారు. తీశాను. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, అక్క గదమాయిస్తున్నా పట్టించుకోకుండా, చుట్టూ తిరిగారు. బానెట్‌లో సూర్యుడు ఒక్కడే ఉన్నాడు. పొంగిపోయారు. వెనక తలుపు దగ్గరికొచ్చి ఆగారు. "అది నా చేతి పనే బావగారూ. కారంతా అలాగే చేశాను. అత్తే బాగుచేయించింది, ఆ ఒక్కటీ కాలేదు" అని గబగబా అనేశాను. ఆయన గీతల మీద వేలు పెట్టి, "నీ చెయ్యి నాకు తెలీదంట్రా? నా స్కూటరు మీటరు అద్దం రుద్ది రుద్ది అంకెలు కనబడకుండా చేసింది ఎవరనుకున్నావు? పదిహేనేళ్ళు ఎంత స్పీడులో వెళుతున్నానో తెలీకుండానే నడిపాను" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పాక గుంజ పక్కన నిలబడిన అత్త దణ్ణం పెడితే, ఆయన ఎదురెళ్ళి రెండు చేతులతో దణ్ణం పెట్టారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కళ్ళద్దాలు ఇవ్వబోతున్న అక్క వైపు తిరిగి, ఆ ఎండలో ఆయన అలాగే ఉండిపోయారు. కూతురింట్లో ఉన్నన్నాళ్ళూ అక్కని నల్లద్దాల్లోంచే చూశారు కాబోలు. "నీకింత జుట్టు ఎప్పుడు నెరిసిందోయ్?" అన్నారు మెల్లిగా. "ఆరేళ్ళవుతోంది. ఇప్పుడు చూశారా?" అంది అక్క, మొహం పక్కకి తిప్పుకుని. ఆయన చెయ్యి చాచి ఆవిడ చెంప మీది ముడతని వేలికొసతో తాకారు, తేలిగ్గా. నేనూ అప్పుడే అక్క జుట్టు వైపు చూశాను. నా కళ్ళలో ఏ శుక్లాలూ లేవు, అయినా నేనూ చూడలేదు. రోజులు ఎంత మెత్తగా జారిపోతాయంటే పక్కనున్న మనిషి ముసలిదవడం కూడా కంటపడదు. ముగ్గురం ఇంకా ఒకరి పక్కన ఒకరం ఉండగానే అది కంటపడింది, అందుకు ఆ కాలానికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.