ఉస్తాద్ తెల్ల ప్యాకెట్టు

మా ఉస్తాద్ పోయారని ప్రొద్దుటూరు నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్. దుబాయ్ వదిలి ఇంటికెళ్లి ఏడాది కూడా కాలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. అవి చాలానే ఉన్నాయి. కానీ నా గురించి ఒక చెడ్డ మాట రాయకుండా అవి రాయడం కుదరదు.

దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో మాది బండ్లకు రంగులు వేసే షెడ్డు. పెయింటర్లకు ఆయనే పెద్ద, అందుకే అందరికీ ఉస్తాద్. నేను 2003లో కాకినాడ నుంచి వచ్చి స్టోర్ కీపర్‌గా చేరాను. మొదటి వారమే రంగులో థిన్నర్ అందాజుగా కలిపి ఒక పికప్ తలుపు పాడుచేశాను. ముదీర్, అంటే మా మేనేజరు, అరుస్తుంటే ఉస్తాద్ తప్పు తన మీద వేసుకున్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "అబ్బీ, డబ్బా మీద ఏం రాసుంటే అదే మాట. మన తెలివి దాని తర్వాతే" అన్నారు.

ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం వచ్చు. కొత్త డబ్బా వస్తే నేను చదవాలి, ఆయన కళ్లు మూసుకుని వినాలి. ఒకసారి చదివింది మళ్లీ అడిగేవారు కాదు. ఆ నమ్మకం చూసి నాకు లోలోపల గర్వంగా ఉండేది.

సిగరెట్ ఒక్కటే ఆయన బలహీనత. షెడ్డులో థిన్నర్ ఉంటుంది కాబట్టి గేటు బయట నిలబడి తాగేవారు. రోజుకో ఎర్ర ప్యాకెట్టు. దగ్గు పట్టుకున్నాక, వీసా రెన్యువల్‌కి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాల్సి వచ్చి భయపడ్డారు. "ఖలాస్ అబ్బీ, ఇడిసిపెడ్తాండా" అని చేతిలో ఉన్న ప్యాకెట్టు వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. నాలుగు రోజులు నిజంగానే ముట్టలేదు. ఐదో రోజు చెయ్యి వణికి స్ప్రే గన్ నిలవలేదు.

అప్పుడు పొంగుకొచ్చింది నా జాలి. పక్క కొట్టుకి పరుగెత్తి ఒక తెల్ల ప్యాకెట్టు కొనుక్కొచ్చాను. వెండి గీత, సన్నటి అక్షరాల్లో "లైట్స్", పక్కన తారు, నికోటిన్ అంకెలు. "ఇది తేలిక ఉస్తాద్, ఎర్రదాంట్లో సగం కూడా లేదు" అని చదివి చెప్పాను. ఆయన అంకె మీద గోరు పెట్టి చూశారు.

"అంటే థిన్నర్ ఎక్కువ పోసిన రంగు మాదిరి."

"అంతే" అన్నాను.

కింద అరబ్బీలో, ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది. అది చదవలేదు. అన్ని ప్యాకెట్ల మీదా ఉండేదే కదా అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయనకు అది పథ్యం. ఒక ప్యాకెట్టు రెండయింది. "సగమే గదప్పా" అనేవారు. దగ్గు తగ్గిందని దగ్గుతూనే చెప్పేవారు, మేము నవ్వేవాళ్లం. ఎర్రవి తాగే పెయింటర్లను ఆరోగ్యం చూసుకోండని మందలించేవారు కూడా.

ఆయన ఊరికి వెళ్లిపోయాక, నాకు జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళితే అక్కడి డాక్టరు మాటల మధ్యలో ఆ లైట్స్ సంగతి చెప్పాడు. ఆ ఫిల్టరు చుట్టూ కంటికి ఆనని చిల్లులుంటాయట. కొలిచే మిషన్ వాటిలోంచి గాలి కూడా పీలుస్తుంది కాబట్టి అంకె తగ్గుతుంది. మనుషులు వాటిని వేళ్లతో, పెదాలతో మూసేసి ఇంకా గట్టిగా లాగుతారు. ఉస్తాద్ ఎప్పుడూ ఫిల్టరు దగ్గరే రెండు వేళ్లతో నొక్కి పట్టేవారు. అది గుర్తొచ్చింది. ఆయనకు ఫోన్ చేయాలనుకున్నాను. అప్పటికే మంచాన పడ్డారని తెలిసి, ఇప్పుడు చెప్పి ఏం లాభమని ఊరుకున్నాను. లాభం అన్నది వంక. నాకు భయం.

ఆయన పోయిన మూడో రోజు ఆయన భార్యతో మాట్లాడాను. ఆమే నన్ను ఓదార్చారు.

"నీ పేరే సెప్పుకుంటా ఉండె నాయనా. నువ్వు సెప్పినాక ఎర్రవి ముట్టలేదు. లేకుంటే ఇంగా ముందే పోతాండె" అన్నారు. మళ్లీ ఆమే, "ఆ తెల్లవి పెట్టెడు మిగిలిండాయి. మా తమ్మునికిస్తా. వాడు గట్టివి తాగుతాడు. ఇవి తేలికవే గదా?" అని అడిగారు.

"వద్దమ్మా."

"ఏం నాయనా?"

చెప్పాను. ఆయన మానేయడం, నేను కొని తేవడం, నేను చదివింది, చదవనిది, డాక్టరు చెప్పింది, అంతా. ఆమె ఫోను పెట్టేయలేదు. అటువైపు అట్టపెట్టె చింపుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఒక్కొక్క ప్యాకెట్టే బకెట్లోని నీళ్లలో పడుతున్న చప్పుడు.