కూలర్ తొట్టిలో గోంగూర

మొన్న ఢిల్లీలో మా మయూర్ విహార్ ఫ్లాటుకి ఏసీ బిగించాక, పాత కూలర్‌ని తుక్కు కింద కొనడానికి వచ్చిన కబాడీవాలాతో, "భయ్యా, కింద నీళ్ళ తొట్టీ, ఇనప స్టాండూ వదిలెయ్" అన్నాను. "వీటితో ఏం చేస్తారు దీదీ?" అంటూ నన్ను ఎగాదిగా చూశాడు. మా అక్క వేసిన తోట గురించి అతనికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను? మీకైతే చెప్తాను.

తొంభైల్లో మా బావగారు సైన్యంలో సుబేదారు. ఢిల్లీ కంటోన్మెంటులో క్వార్టర్సు. నేనూ వాళ్ళ దగ్గరే ఉండేదాన్ని. పరేడ్‌లో ఆయన గొంతెత్తితే వీధి చివర పావురాలు లేచేవని అక్క గొప్పలు పోయేది. అలాంటి మనిషి, జీపు బోల్తాపడి నడుము కింద స్పర్శ పోయి, చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి కూర్చున్నారు. అంతే. నెలల తరబడి నోట మాట లేదు. "కాళ్ళు పోతే పోయాయే, మనిషే దక్కకుండా పోతున్నాడు" అని అక్క వంటింట్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చేది. అలా ఏడుస్తూనే ఓ రోజు పెరట్లో మూలపడ్డ కూలర్‌ని చూసి ఠక్కున ఆగింది. తొట్టికి మేకుతో చిల్లులు పొడిచి, మట్టి నింపి, వరండాలో స్టాండు మీదికి ఎక్కించింది. కుర్చీ ముందుకి తోస్తే బావగారి మోకాళ్ళు స్టాండు కింద ఇమిడాయి, మట్టి చేతికందింది. ఊరినుంచి తెచ్చుకున్న గోంగూర గింజలు ఆయన అరచేతిలో పోసింది. ఆయన పలక్కుండా చల్లేసి, మళ్ళీ గోడవైపు తిరిగిపోయారు.

మొలకలైతే వచ్చాయి. కానీ కంటోన్మెంటు మర్యాదలు తెలుసుగా! సుబేదారు సాబ్ చేత నీళ్ళు మోయించడమే, రామ రామ! పక్కింటి సర్దార్నీ ఆంటీ, ఎదురింటి హవల్దారు భార్య, పాల భయ్యా, ఒకరికి తెలియకుండా ఒకరు తలా ఒక చెంబు పోశారు. అక్క సంగతి సరేసరి. వారం తిరక్కుండా మొక్కలన్నీ మొదలు కుళ్ళి వాలిపోయాయి.

ఆ ఉదయం కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. బావగారు తనంతట తానే వరండాలోకి వచ్చి, మట్టిలోకి వేళ్ళు దించి చూశారు.

"పానీ కిస్‌నే డాలా?"

నీళ్ళెవరు పోశారన్న ఆ పరేడ్ గొంతుకి నేను టీ అక్కడే పెట్టేసి లేచి నిలబడ్డాను. అప్పుడే గేటు తీసుకుని వస్తున్న సర్దార్నీ ఆంటీ, చెంబుతో సహా అటెన్షన్‌లో నిలబడిపోయింది.

"ఇది నా తోట! ఇంకెవరైనా చెయ్యి పెట్టారో, చూస్కోండి!" అని, అక్కవైపు తిరిగి, "ఏమే, గింజలు ఇంకా ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయండీ, ఉన్నాయి" అంటూ పరిగెత్తిన అక్క నవ్వుతోందో ఏడుస్తోందో నాకర్థం కాలేదు.

ఈసారి ఆయనే చల్లారు, ఆయనే తడిపారు. మొదటి మొలక తలెత్తిన పొద్దున నన్ను పిలిచి, "చూడమ్మాయ్, గోరంత లేదు, ఎంత మట్టిపెళ్ళని ఎత్తేసిందో!" అన్నారు. ఆ తర్వాత ఆ తోట సంగతి విని సైనిక ఆసుపత్రి నుంచి ఇంకొందరు చక్రాల కుర్చీల్లో రావడం మొదలుపెట్టారు. చూపు పోయిన జవాను ఒకాయన పుదీనా ఆకులు తడిమి, నలిపి, వాసన చూసి మురిసిపోయేవాడు. వరండా నిండా కూలర్ తొట్లే. అక్కడికి వెళ్ళినప్పుడల్లా, గుళ్ళోకి వెళ్ళినట్టు, నాకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని.

కాలం ఎవరికోసమూ ఆగదంటారు. ఎందుకాగదూ? ఆ ఇంట్లో నెలల తరబడి గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్క కేకతో అది మళ్ళీ కదలడం నేను నా చెవులతో విన్నాను.